తాయ్‌చీ చేస్తుంటే మోకాలు నొప్పి.. మానేయాలా?

ప్రశ్న: నా వయసు 58. సింగపూర్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా బ్లాక్ కింద పొద్దున్నే తాయ్‌చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) నేర్పుతుంటే మూడు నెలలుగా వెళ్తున్నాను. నెల రోజుల నుంచి కుడి మోకాలు లోపలి వైపు నొప్పి. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. వాపు లేదు. మానేయమంటారా?

జవాబు: పూర్తిగా మానేయకండమ్మా. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు తాయ్‌చీ మంచిదని కీళ్ల వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో గట్టిగానే సిఫారసు చేసింది. కానీ మీరు చెప్పిన చోట నొప్పి అంటే నాకు వచ్చే మొదటి అనుమానం, పాదం తిప్పే తీరు మీదే.

మీకు నేర్పేది బహుశా 1956లో చైనాలో కుదించిన 24 భంగిమల వరుస అయి ఉంటుంది. అందులో మోకాలి పక్క నుంచి చేయి తుడిచినట్టు పోనిస్తూ ముందుకు నడుస్తారు కదా, అక్కడ మీ కుడి కాలు చూసుకోండి. ఒంటి బరువంతా దాని మీద ఉండగానే తిరగబోతే పాదం నేలకు అతుక్కుపోతుంది, తొడ మాత్రం తిరుగుతుంది. ఆ మెలి మోకాలి మీద పడుతుంది. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలిగేది ఇలాంటప్పుడే.

తాయ్‌చీలో బరువున్న కాలు 'నిండు', బరువు లేనిది 'ఖాళీ'. తిప్పాల్సింది ఖాళీ కాలిని. ముందు వెనక్కి ఒరిగి బరువు ఎడమ కాలి మీదికి తెచ్చుకోండి. కుడి కాలి వేళ్లు పైకి లేవాలి. అప్పుడు తుంటి నుంచి కదిలిస్తూ మడమ మీద తిప్పి, పాదం పూర్తిగా ఆనాకే నెమ్మదిగా బరువు వేయండి. కొన్ని సంప్రదాయాల్లో బరువున్న కాలి మీదే తిప్పిస్తారు, మీరు మాత్రం ఇప్పుడు ఆ జోలికి వెళ్లొద్దు.

'గోంగ్‌బు', అంటే ముందు కాలు వంచి, వెనక కాలు చాపి నిలబడే విల్లు అడుగులో ముందు మోకాలు కాలి రెండో వేలి వైపే చూడాలి. లోపలికి వాలకూడదు, వేళ్లను దాటి ముందుకు పోకూడదు. రెండు పాదాలూ ఒకే గీత మీద కాకుండా రైలు పట్టాల్లా ఎడంగా ఉంచండి. పక్కవాళ్లు ఎంత కిందికి వంగుతున్నారో చూసి టెన్షన్ పడొద్దు. కొన్నాళ్లు ఎత్తుగానే నిలబడి, సగం సేపే చేయండి. మీ గురువుగారికి నొప్పి సంగతి తప్పకుండా చెప్పండి.

రెండు, మూడు వారాల్లో తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి. మోకాలు మధ్యలో పట్టేసి చాపలేకపోయినా, పట్టు తప్పినా, వాచినా అన్నాళ్లు ఆగొద్దు, వెంటనే వెళ్లండి.