గుండె ఇమ్యునాలజీ పోస్ట్‌డాక్: క్లాసు చెప్పమంటే వద్దనకండి

గుండె ఇమ్యునాలజీ (గుండె జబ్బుల్లో రోగనిరోధక కణాల పాత్ర) ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాతి రీసెర్చ్ ఉద్యోగానికి, అమెరికా వస్తున్నాను, క్లాసులు కూడా చెప్పమంటున్నారు, ఒప్పుకుంటే రీసెర్చ్ దెబ్బతింటుందా అని ఒకమ్మాయి అడిగింది. ఒప్పుకోండమ్మా. నేను మొదటి ఏడాది వద్దన్నాను. ఎలుకలు, ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని గుర్తించి లెక్కపెట్టే పద్ధతి), పేపర్లు, ఇవి తప్ప ఇంకేవీ లెక్కలోకి రావనుకున్నాను. అది పొరపాటు.

రెండో ఏడాది మెడికల్ స్టూడెంట్లకి మయోకార్డైటిస్ (గుండె కండరం వాపు) పాఠం చెబుతుంటే ఒకబ్బాయి లేచి, హార్ట్ ఎటాక్ తర్వాత వచ్చే ఇన్‌ఫ్లమేషన్‌ని మందుతో పూర్తిగా ఆపేస్తే సరిపోదా అన్నాడు. జవాబు కోసం ఆ రాత్రంతా చదివాను. ముందు న్యూట్రోఫిల్స్, వాటి వెనకే మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు వచ్చి చచ్చిన కండరాన్ని తీసేస్తాయి, ఆ తర్వాత మాక్రోఫేజ్‌లు (చెత్తని మింగే కణాలు) తీరు మార్చుకుని మచ్చ కట్టడానికి సాయపడతాయి. గుండె కండరం మళ్లీ పెద్దగా పెరగదు కాబట్టి గోడని నిలబెట్టేది ఆ మచ్చే, తొందరపడి అన్నీ ఆపేస్తే గోడ పలచబడి చిట్లే ప్రమాదం ఉంది. 2017లో ఫలితాలొచ్చిన కాంటోస్ ట్రయల్ చూడండి, గతంలో హార్ట్ ఎటాక్ వచ్చిన 10,000 మందికి పైగా పేషెంట్లతో చేశారు. ఇన్‌ఫ్లమేషన్‌ని పెంచే ఐఎల్-1 బీటా అనే ప్రోటీన్‌ని మందుతో అడ్డుకుంటే మళ్లీ గుండెపోట్లు కొంత తగ్గాయి, కానీ ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఎప్పుడు ఆపాలి, ఎంతవరకు ఆపాలి అన్న ప్రశ్న నాకు ఆ క్లాసులో దొరికింది, ఇప్పటికీ నా ల్యాబ్ పని దానిమీదే.

కాగితాల సంగతి. జె-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) మీద వస్తే వీసాలో, డీఎస్-2019 ఫారంలో రెండేళ్ల షరతు, అంటే పని అయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్నది, రాశారేమో చూసుకోండి. 2024 డిసెంబర్‌లో ఆ షరతు పడే దేశాలు, రంగాలు ఉండే స్కిల్స్ లిస్టు నుంచి భారతదేశాన్ని తీసేశారు గానీ, ప్రభుత్వ డబ్బుతో వచ్చేవాళ్లకి ఆ షరతు ఇంకా పడొచ్చు. ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) పోస్ట్‌డాక్‌లకి ఇచ్చే ఎఫ్32 ఫెలోషిప్ అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. సొంత ల్యాబ్ వైపు వెళ్లే పోస్ట్‌డాక్‌లకి ఎన్‌ఐహెచ్ ఇచ్చే కె99 గ్రాంట్‌కి ఆ అడ్డు లేదు, కానీ పోస్ట్‌డాక్ అనుభవం 4 ఏళ్లు దాటకముందే అప్లై చేయాలి, ఈ గడువు తెలియక పోగొట్టుకున్నవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

ఇంకొకటి, చేరకముందే మీ పీఐని (ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌ని) అడగండి: రేపు నేను వెళ్లేటప్పుడు ఈ ప్రాజెక్టులో ఏ భాగం నాతో తీసుకెళ్లొచ్చు అని. మొహమాటపడొద్దు. మంచివాళ్లు సూటిగా చెబుతారు, మాట దాటేస్తే ఇంకో ల్యాబ్‌కి కూడా మెయిల్ పెట్టండి.