అమెరికా చరిత్రలో పెద్ద మలుపు ఏది? అంతర్యుద్ధం కాకుండా ఇంకేదైనా చెప్పండి

అంతర్యుద్ధం, బానిసత్వ రద్దు ఎలాగూ అందరూ చెప్తారు, అవి పెద్దవే, కాదనను. నన్నడిగితే మాత్రం 1965 వలస చట్టం అంటాను. అంతకుముందు మనవాళ్లకి అక్కడ తలుపులు దాదాపు మూసే ఉండేవి. 1917లో ఆసియాలో చాలా భాగం నుంచి వలసలు ఆపేశారు. భగత్ సింగ్ థిండ్ అనే ఆయన, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1923లో నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మన్నారు. 1946లో కాస్త కరుణించి భారతీయులకి కోటా ఇచ్చారు. ఎంతో తెలుసా? ఏడాదికి 100 మంది. దేశం మొత్తానికి!

1965 అక్టోబర్ 3న ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ లిబర్టీ విగ్రహం దగ్గర బల్ల వేయించుకుని, ఆ పాత కోటాల్ని ఎత్తేస్తూ సంతకం పెట్టాడు. ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదని ఆ రోజు ఆయనే అన్నాడు, తమాషా అదే. కుటుంబ బంధం, చదువు, నైపుణ్యం చూసి తీసుకోవడం మొదలయ్యాక డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లారు, వాళ్ల వెనకే తమ్ముళ్లు, చెల్లెళ్లు. ఇవాళ డాలస్‌లో, న్యూజెర్సీలో ఇన్ని తెలుగు కుటుంబాలు ఉండటానికి దారి పడింది అక్కడే.

అయితే మనకి దేశానికి ఇంత అని పరిమితి పెట్టిందీ ఆ చట్టమే, అప్పట్లో ఏడాదికి 20,000. ఆ పద్ధతే తర్వాత ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం లిమిట్ అయింది, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి మనవాళ్లు పడే టెన్షన్ చాలావరకు దానివల్లే.