పార్టీల చీలిక, ఇంటి మౌనం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి, అక్కడి పార్టీల మధ్య పెరిగిన వైరం గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అన్నయ్య, మా వారు ఇద్దరూ అమెరికా పౌరులే. 2024 ఎన్నికల్లో అన్నయ్య రిపబ్లికన్ అభ్యర్థి ట్రంప్‌కు, మా వారు డెమొక్రాట్ అభ్యర్థి కమలా హారిస్‌కు ఓటు వేశారు. ఆ నవంబరు నుంచి బావాబావమరుదుల మధ్య మాటలు లేవు. పండగకు పిలిచినా అన్నయ్య మా గడప తొక్కడం లేదు. ఈ దేశంలో పార్టీల పేరుతో మనుషులు ఇలా విడిపోవడం మొదటి నుంచీ ఉన్నదేనా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా బాధ కలిగింది. ఈ బాధ మీ ఒక్క ఇంటిది కాదు. తమ బిడ్డ ఎదుటి పార్టీ వారిని పెళ్లి చేసుకుంటే మీకెలా ఉంటుందని 1960లో అమెరికన్లను అడిగినప్పుడు, నచ్చదని చెప్పినవారు నూటికి ఐదుగురికి మించలేదు. 2010లో అదే తరహా ప్రశ్నకు రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు మంది తమకు అది ఇష్టం ఉండదని చెప్పారు. ప్యూ పరిశోధన సంస్థ 2022లో జరిపిన సర్వేలో 72 శాతం రిపబ్లికన్లు డెమొక్రాట్లను తక్కిన అమెరికన్ల కంటే నీతి తక్కువవారిగా భావిస్తున్నట్టు, 63 శాతం డెమొక్రాట్లు రిపబ్లికన్ల గురించి అదే మాట అంటున్నట్టు తేలింది. 2016లో ఈ అంకెలు 47, 35 మాత్రమే. అంటే ఆరేళ్లలోనే ఎదుటి పక్షం అభిప్రాయం తప్పు అనే స్థాయి దాటి, ఎదుటి మనిషే చెడ్డవాడు అనే స్థాయికి చాలామంది చేరుకున్నారు.

మొదటి నుంచీ ఇలా లేదు. ఈనాడు వింతగా తోచే సంగతి ఏమిటంటే, 1950లో అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్తల సంఘం నియమించిన కమిటీ ఒకటి, రెండు పార్టీల మధ్య తగినంత తేడా కనిపించడం లేదని, ఓటరు ముందు స్పష్టమైన ఎంపిక ఉండాలని నివేదిక ఇచ్చింది. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాలలో జాతి వివక్షను కాపాడే డెమొక్రాట్లూ, ఈశాన్య రాష్ట్రాలలో పౌర హక్కులను బలపరిచే రిపబ్లికన్లూ ఉండేవారు. 1964 నాటి పౌర హక్కుల చట్టం సెనేట్‌లో 73–27 ఓట్లతో నెగ్గినప్పుడు, 33 మంది రిపబ్లికన్లలో 27 మంది, 67 మంది డెమొక్రాట్లలో 46 మంది దానికి అనుకూలంగా ఓటు వేశారు. ఆ చట్టం తరువాత, దాని వెంటనే 1965లో వచ్చిన ఓటు హక్కుల చట్టం తరువాత, దక్షిణాది శ్వేతజాతి ఓటర్లు దశాబ్దాల పాటు మెల్లగా రిపబ్లికన్ పార్టీ వైపు, ఈశాన్య ప్రాంతపు ఉదారవాదులు డెమొక్రాట్ల వైపు జరిగిపోయారు. దీనికి మతం, చదువు, నగరం–పల్లె అనే తేడా కూడా తోడయ్యాయి. పూర్వం ఒక మనిషికి చర్చి ఒకటి, కార్మిక సంఘం ఒకటి, పార్టీ ఒకటి వేర్వేరుగా ఉండి, ఒకచోట విభేదించినవారు మరొకచోట కలిసేవారు. ఇప్పుడు అవన్నీ ఒకే వైపు పేరుకుపోయాయి. అందుకే తన నాయకుణ్ణి విమర్శిస్తే తన పుట్టుకనూ పెంపకాన్నీ తిట్టినట్టు మనిషి నొచ్చుకుంటున్నాడు. నా అభిప్రాయంలో చీలికకు అసలు మూలం ఇదే.

టెలివిజన్, సామాజిక మాధ్యమాలే దీనికంతటికీ కారణమని చాలామంది అంటారు. వివాదాస్పద అంశాల మీద భిన్నాభిప్రాయాలు వినిపించాలని ప్రసార సంస్థలకు 1949లో పెట్టిన నియమాన్ని 1987లో ఎత్తివేసిన మాట నిజమే. అయితే ఆ నియమం రేడియో, టీవీ తరంగాల లైసెన్సు ఉన్నవారికి ఉద్దేశించినది కనుక, తరువాత వచ్చిన కేబుల్ వార్తల తీరుకు దాని రద్దునే కారణంగా చూపడం సరికాదని నా నమ్మకం. ఈ మాధ్యమాలు ఉన్న మంటను పెంచాయే గాని పుట్టించలేదు.

మీ ఇంటి విషయానికి వస్తే, వారిద్దరినీ కూర్చోబెట్టి ట్రంప్ మంచివాడా, హారిస్ మంచిదా అనే చర్చకు దయచేసి తావివ్వకండి. వారి జీవితాలను తాకే ఒక్క చట్టాన్ని తీసుకుని మాట్లాడమనండి. ఉదాహరణకు, ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులలో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించరాదన్న పరిమితి వల్ల మన వాళ్లు ఏళ్ల తరబడి వరుసలో నిలబడి ఉన్నారు. ఆ పరిమితిని తొలగించే బిల్లును 2019లో సెనేట్‌లో ప్రవేశపెట్టినవారు యూటా రాష్ట్రపు రిపబ్లికన్ మైక్ లీ, ఆయనతో చేయి కలిపిన డెమొక్రాట్ కమలా హారిస్. అదే సంవత్సరం ప్రతినిధుల సభ అటువంటి బిల్లును 365–65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ తన మార్పులతో ఆమోదించినా, రెండు సభల పాఠాలు ఒక్కటి కాక అది చట్టం కాలేదు. మీ అన్నయ్యగారికీ మీ వారికీ ఈ విషయంలో కోపం ఉంటే అది ఒకరి మీద ఒకరికి ఉండవలసిన కోపం కాదు.

ఇంకొక సంగతి కూడా వారికి గుర్తు చేయండి. 2008 అక్టోబరులో మిన్నెసోటాలో జరిగిన సభలో ఒక మహిళ ఒబామా అరబ్ అనీ, ఆయనను నమ్మలేననీ అన్నప్పుడు, ఆయనకు ప్రత్యర్థిగా నిలబడిన జాన్ మెకెయిన్ ఆమె చేతిలోని మైకు తీసుకుని, ఒబామా మర్యాదస్తుడైన గృహస్థుడనీ, ఈ దేశ పౌరుడనీ, తనకు ఆయనతో ఉన్నవి మౌలికమైన అభిప్రాయభేదాలేననీ చెప్పాడు. ఓడిపోతున్న అభ్యర్థి, తన సభలో, తన అభిమానుల ముందు ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. మీ ఇంట్లో కావలసినది అందులో కొంచెం మాత్రమే.

ప్రశ్న: ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థి ఓడిపోయే పద్ధతిని ఇంకా ఎందుకు కొనసాగిస్తున్నారు?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది 538 మంది ఎలక్టర్లు, అంటే రాష్ట్రాల వారీగా కేటాయించిన ప్రతినిధులు. అందులో 270 మంది మద్దతు ఉన్నవారిదే గెలుపు. మెయిన్, నెబ్రాస్కా తప్ప తక్కిన అన్ని రాష్ట్రాలలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినవారికే ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరూ దక్కుతారు. అందుకే 2000లో ఆల్ గోర్‌కు దేశం మొత్తం మీద ఐదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో జార్జి బుష్ అధ్యక్షుడయ్యాడు. 2016లో హిల్లరీ క్లింటన్ సుమారు 29 లక్షల ఓట్లు ఎక్కువ తెచ్చుకుని కూడా ఓడిపోయింది. 2024లో మాత్రం ట్రంప్‌కు 312 మంది ఎలక్టర్లతో పాటు సుమారు 23 లక్షల ఓట్ల ఆధిక్యం కూడా లభించింది.

మార్చడానికి రాజ్యాంగ సవరణ కావాలి. ఉభయ సభలలో మూడింట రెండు వంతుల మంది, ఆపైన 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. 1969లో ప్రతినిధుల సభ భారీ ఆధిక్యంతో ఆమోదించిన సవరణ మరుసటి ఏడాది సెనేట్‌లో ఆగిపోయింది. సుమారు 5.8 లక్షల జనాభా గల వయోమింగ్‌కు ముగ్గురు ఎలక్టర్లు, దాదాపు 3.9 కోట్ల జనాభా గల కాలిఫోర్నియాకు 54 మంది ఉన్నప్పుడు, చిన్న రాష్ట్రాలు తమ బరువును తామే తగ్గించుకుంటాయని ఆశించలేం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. 2024లో కాలిఫోర్నియాలో ట్రంప్‌కు ఓటు వేసినవారు 60 లక్షల మందికి పైగా ఉన్నారు. టెక్సస్‌లో హారిస్‌కు 48 లక్షల మంది వేశారు. వారిలో ఒక్కరి ఓటూ ఎలక్టర్ల లెక్కలోకి రాలేదు. ఎన్నికల రాత్రి టీవీలో ఒక రాష్ట్రం ఎర్రగా (రిపబ్లికన్), మరొక రాష్ట్రం నీలంగా (డెమొక్రాట్) కనబడినప్పుడు ఆ లక్షల మంది అక్కడ లేనట్టే అనిపిస్తుంది. ప్రచారమంతా ఏ పార్టీ వైపైనా మొగ్గగల పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, అరిజోనా, నెవాడా, నార్త్ కరొలైనా అనే ఏడు రాష్ట్రాల చుట్టూ తిరుగుతుంది. ఈ పద్ధతి చీలికను ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తోందని, దాన్ని మార్చడం న్యాయమని నేను భావిస్తున్నాను.

ప్రశ్న: 2020 ఎన్నికల్లో మోసం జరిగిందని మా స్నేహితులు గట్టిగా నమ్ముతారు. పక్షపాతం లేకుండా మీ అభిప్రాయం చెప్పండి.
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: ఫలితాన్ని మార్చే మోసం జరగలేదు. ఇది పార్టీ అభిమానంతో చెబుతున్న మాట కాదు, రిపబ్లికన్లే తేల్చిన మాట. మీ జార్జియా రాష్ట్రంలో బైడెన్ ఆధిక్యం 11,779 ఓట్లు. అక్కడ ఓట్లను చేతితో మళ్లీ లెక్కించి ఫలితాన్ని ధ్రువీకరించిన రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్ రిపబ్లికన్. ఫలితాన్ని తారుమారు చేసేంత మోసానికి ఆధారాలు కనబడలేదని 2020 డిసెంబరు 1న చెప్పిన అటార్నీ జనరల్ విలియం బార్‌ను ఆ పదవిలో నియమించినది ట్రంపే. ఆయన పక్షాన కోర్టులలో వేసిన అరవైకి పైగా దావాలలో దాదాపు అన్నీ వీగిపోయాయి. వాటిని తోసిపుచ్చిన న్యాయమూర్తులలో ఆయన నియమించినవారు కూడా ఉన్నారు.

సందేహం రావడం తప్పు కాదు. సందేహం తీర్చే మార్గాలన్నీ నడిచి చూశాక కూడా ఒప్పుకోకపోవడం, ఆపైన 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీదికి జనం దండెత్తడం క్షమించదగినవి కావు. 1961 జనవరిలో నిక్సన్, 2001 జనవరిలో గోర్, 2025 జనవరిలో హారిస్ ఎలక్టర్ల ఓట్లను లెక్కించే ఉభయ సభల సమావేశంలో, ఉపాధ్యక్ష హోదాలో సభాధ్యక్ష స్థానంలో కూర్చుని తమ ఓటమిని తామే ప్రకటించారు. 2001లో గోర్ తన పార్టీ సభ్యులు లేవనెత్తిన అభ్యంతరాలను, వాటి మీద ఒక్క సెనేటర్ సంతకమైనా ఉండాలన్న నిబంధన ప్రకారం, తానే తోసిపుచ్చాడు. నేను ఒక నాయకుణ్ణి కొలిచేటప్పుడు అన్నిటికంటే ముందు చూసేది ఈ గుణాన్నే.

డెమొక్రాట్లు ఈ విషయంలో పూర్తిగా నిర్దోషులని నేను అనను. 2005 జనవరిలో ఒహాయో ఓట్ల మీద సెనేటర్ బార్బరా బాక్సర్, ప్రతినిధి స్టెఫనీ టబ్స్ జోన్స్ అభ్యంతరం చెప్పి లెక్కింపును కాసేపు ఆపించారు. అయితే 2004లో డెమొక్రాట్ అభ్యర్థిగా పోటీ చేసి అప్పటికే ఓటమిని అంగీకరించిన జాన్ కెరీ వారితో కలవలేదు. ఈ తేడా చిన్నది కాదు. 2022లో ఉభయ పార్టీలు కలిసి ఎలక్టర్ల ఓట్ల లెక్కింపు చట్టాన్ని సవరించాయి. ఉపాధ్యక్షుడి పాత్ర నామమాత్రమేనని అందులో స్పష్టం చేశారు, అభ్యంతరం లేవనెత్తాలంటే ప్రతి సభలోనూ ఐదో వంతు సభ్యుల మద్దతు ఉండాలన్నారు. మీ స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఈ సవరణకు రిపబ్లికన్ సెనేటర్లు కూడా మద్దతిచ్చారని చెప్పండి.

ప్రశ్న: మీ జవాబులు చదువుతుంటే మీరు ఏ పార్టీయో తెలియడం లేదు. సూటిగా చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, షికాగో

జవాబు: నేను ఏ పార్టీలోనూ నమోదు కాలేదు. పైన ట్రంప్ గురించి రాసినది నా నిశ్చితాభిప్రాయం. అంతే నిశ్చయంగా మరొకటి చెబుతాను: బైడెన్ 2024 జూన్ 27 నాటి చర్చలో తడబడేదాకా ఆయన వయసు గురించి ఓటర్ల ఆందోళనను డెమొక్రాట్ పార్టీ పెద్దలు పట్టించుకోలేదు, జులై 21న ఆయన తప్పుకున్న తరువాత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలలో పోటీయే చేయని అభ్యర్థిని నిలబెట్టవలసి వచ్చింది. 2016లో ట్రంప్ మద్దతుదారులలో సగం మందిని నీచుల బుట్టలో వేయవచ్చని హిల్లరీ క్లింటన్ అన్న మాట కూడా నాకు మింగుడుపడలేదు. ఓట్లు అడగవలసిన మనుషులను అలా అనకూడదు.

ఓటర్ల మీద నా నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. 2016లో సెనేట్ ఎన్నిక జరిగిన ప్రతి రాష్ట్రంలోనూ అధ్యక్ష ఎన్నికలో గెలిచిన పార్టీయే సెనేట్ స్థానాన్నీ గెలుచుకుంది. 2020లో మెయిన్ ఒక్కటే దానికి మినహాయింపు. 2024లో అరిజోనా, మిషిగన్, నెవాడా, విస్కాన్సిన్ రాష్ట్రాలలో ట్రంప్ గెలిచినా సెనేట్‌కు డెమొక్రాట్లు ఎన్నికయ్యారు. నార్త్ కరొలైనాలోనూ ట్రంప్ గెలిచాడు, గవర్నర్ పదవికి డెమొక్రాట్ జాష్ స్టైన్ గెలిచాడు. ఒకే బ్యాలెట్ మీద ఒక గుర్తు ఈ పార్టీకీ మరొక గుర్తు ఆ పార్టీకీ పెట్టే ఓటర్లు తగ్గిపోయారే గాని పోలేదు. మీరు అడిగారు కనుక చెబుతున్నాను, నేనూ వారిలో ఒకణ్ణి.