గోండి మాట్లాడే రైతులు, బ్యాంకు అప్పు: పరిశోధనలో భాషను, దేహభాషను కొలిచేదెలా?

మీ ప్రశ్న: ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఏజెన్సీలో గోండి మాట్లాడే రైతులకు పంట రుణం తక్కువగా అందడానికి భాష ఎంతవరకు కారణం, బ్యాంకులో రెండు వైపులా కనిపించే హావభావాలకు అందులో పాత్ర ఉందా, దీని మీద పీహెచ్‌డీ ఎలా మొదలుపెట్టాలి అని. చేయదగ్గ పనే, అవసరమైన పని కూడా. కానీ ఇలాంటి పరిశోధన ఎక్కువగా దెబ్బతినేది భాష దగ్గర కాదు, భూమి కాగితం దగ్గర. ముందు అక్కడి నుంచి వస్తాను.

షెడ్యూల్డ్ ప్రాంతంలో 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ (అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది ఇదే) ప్రకారం భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు. అంటే తాకట్టు భూమిని వేలం వేసుకునే దారి బ్యాంకుకు దాదాపు లేదు. రిజర్వు బ్యాంకు 2019లో పూచీకత్తు లేని వ్యవసాయ రుణాన్ని 1.6 లక్షలకు, 2025 జనవరి నుంచి 2 లక్షలకు పెంచింది కాబట్టి చిన్న మొత్తాల దగ్గర ఈ అడ్డు కొంత తగ్గాలి. అయినా సాగు చేస్తున్నట్టు కాగితం చూపించాల్సిందే. గోండి మాట్లాడే రైతును మైదాన ప్రాంతపు తెలుగు రైతుతో పోలిస్తే వచ్చే తేడాలో భాష వాటా ఎంతో, పట్టా వాటా ఎంతో మీరు విడదీయలేరు. అందుకే పోలిక ఒకే గూడెంలో, ఒకే రకం పట్టా ఉన్నవాళ్ల మధ్యే జరగాలి: తెలుగు ధారాళంగా వచ్చినవాళ్లు ఒకవైపు, రానివాళ్లు ఇంకోవైపు. చదువు, వయసు, రోడ్డు దూరం కూడా రాసుకోండి. తెలుగు బాగా వచ్చినవాళ్లలో బడికి వెళ్లినవాళ్లే ఎక్కువ ఉంటారు.

తెగ పేరును బట్టి భాషను ఊహించవద్దు. భద్రాచలం వైపు తెలుగు మాత్రమే మాట్లాడే కోయ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆదిలాబాద్ కొలాముల్లో చాలామందికి కొలామీతో పాటు గోండి కూడా వస్తుంది. 2011 జనగణనలో గోండి మాతృభాషగా చెప్పినవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 29.8 లక్షలు, అయినా అది ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. లంబాడీనైతే అదే జనగణన హిందీ కింద కలిపేసింది. కాబట్టి జిల్లా అంకెల మీద ఆధారపడకుండా ఇంటింటా అడగండి: అమ్మతో ఏ భాష, పిల్లలతో ఏది, సంతలో ఏది, బ్యాంకులో ఏది. తెలుగు ఎంత అర్థమవుతుందో రైతు చెప్పిన మాట మీద తేల్చవద్దు. రుణం గురించి రెండు నిమిషాల తెలుగు రికార్డింగ్ వినిపించి, అర్థమైంది గోండిలో చెప్పమనండి.

ఎంతమంది కావాలి? సరిగ్గా అర్థమైనవాళ్లు ఒక గుంపులో 60 శాతం, ఇంకో గుంపులో 45 శాతం ఉంటారనుకుంటే, మామూలు లెక్కలో గుంపుకు 170 మంది సరిపోతారు. కానీ ఒక ఊరివాళ్ల జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఊరికి 15 మంది చొప్పున తీసుకుంటే, ఆ పోలిక (సున్నా అంటే అసలు లేదు, ఒకటి అంటే అచ్చం ఒకేలా) 0.05 అనుకున్నా కావాల్సిన సంఖ్య 1.7 రెట్లు (1 + 14 × 0.05) అవుతుంది, అంటే గుంపుకు దాదాపు 290 మంది. ఈ గుణకారం మరిచిపోతే వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

వడ్డీ అడిగే తీరు విడిగా చెప్పాలి, ఎందుకంటే సర్వేలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఊళ్లో మిత్తి నెల లెక్కన నడుస్తుంది, నూటికి రెండు రూపాయలు అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు 7 శాతం అని చెప్తే, రెండు కన్నా ఏడు ఎక్కువ కదా అని రైతు బ్యాంకునే ఖరీదుగా లెక్కేసుకునే ప్రమాదం ఉంది. అందుకే శాతాలు వదిలి రూపాయల్లో అడగండి: పది వేలు ఏడాదికి తీసుకుంటే షావుకారు దగ్గర మిత్తి 2,400, కేసీసీ (కిసాన్ క్రెడిట్ కార్డు) మీద 700, గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోను 400. (కేసీసీ రేటు 3 లక్షల లోపు పంట రుణానికి.) పెద్ద అంకెల దగ్గర గోండి మాట్లాడేవాళ్లు తెలుగులోకో మరాఠీలోకో మారుతుంటారు, సర్వే చేసేవాళ్లకు రెండూ రావాలి.

ఇక దేహభాష. "చూపు తిప్పుకున్నాడు కాబట్టి దాస్తున్నాడు" లాంటి నిర్ధారణను పరిశీలన పత్రంలోకి రానివ్వకండి. బాండ్, డెపౌలో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఎన్నో ప్రయోగాలను కలిపి చూస్తే, మనుషులు అబద్ధాన్ని పసిగట్టగలిగింది సగటున 54 శాతమే, బొమ్మా బొరుసా వేసినదానికి కాస్త పైన. పెద్దవాళ్ల ముందు కళ్లలోకి చూడకపోవడం మర్యాద అయిన చోట ఆ గుర్తుకు ఇంకా విలువ లేదు. "మనం తెలియజేసేదాంట్లో మాటల వాటా 7 శాతమే" అనే మనస్తత్వవేత్త మెహ్రాబియన్ అంకె కూడా వాడకండి. అది భావాలు, ఇష్టాయిష్టాల మీద ప్రయోగశాలలో తేల్చినది, బ్యాంకు సంభాషణకు వర్తించదు.

లెక్కపెట్టగలిగిందే రాయండి. రైతు కూర్చున్నాడా, నిలబడ్డాడా? కుర్చీ చూపించారా? అధికారి మాట్లాడింది రైతుతోనా, వెంట వచ్చిన మనిషితోనా? కాగితం రైతు వైపు తిప్పారా? మొత్తం అంకెల్లో రాసి చూపించారా? వేలిముద్ర వివరణకు ముందా, తర్వాతా? రైతు ఎన్ని ప్రశ్నలు అడిగాడు? అన్నీ ఒకే పేజీలో పట్టాలి, సమయం సెకన్లలో ఫోన్ స్టాప్‌వాచ్‌తో. ఇద్దరు పరిశీలకులు ఒకే 30 సంభాషణలు విడివిడిగా రాశాక కోహెన్ కప్పా (ఇద్దరు రాసింది ఎంతవరకు కలిసిందో చెప్పే కొలత) 0.7 దాటని అంశాన్ని నిర్దాక్షిణ్యంగా తీసేయండి. "బిడియం", "ఆత్మవిశ్వాసం" లాంటివి అక్కడే రాలిపోతాయి. కొత్తవాళ్లు కూర్చుంటే సిబ్బంది తీరు మారుతుంది, ప్రతి శాఖలో మొదటి రెండు రోజుల పత్రాలు విశ్లేషణలో కలపవద్దు.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది తల ఊపడాన్ని. "అర్థమైందా?" అంటే తల ఊపుతారు, అధికారి దాన్ని సమ్మతిగా తీసుకుంటాడు, వేలిముద్ర పడుతుంది. ఊపిన ప్రతిసారీ రాసుకోండి. రైతు బయటికి రాగానే మూడు ప్రశ్నలు గోండిలో అడగండి: చేతికి ఎంత వస్తుంది, ఎప్పటిలోగా కట్టాలి, కట్టకపోతే ఏమవుతుంది. తల ఊపినవాళ్లలో మూడింటికీ సరైన జవాబు చెప్పినవాళ్లు ఎందరు అన్నదే మీ థీసిస్‌కు గుండెకాయ. రుణంలో ముఖ్యాంశాల పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని, వివరించి అర్థమైనట్టు రాయించుకోవాలని రిజర్వు బ్యాంకు 2024 అక్టోబర్ నుంచి రిటైల్ (వ్యక్తిగత), ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా సంస్థల) టర్మ్ రుణాలకు, అంటే నిర్ణీత గడువులో తీర్చే రుణాలకు, నిబంధన పెట్టింది. సూక్ష్మ రుణాలకు 2022 నుంచే అలాంటిది ఉంది. కేసీసీ టర్మ్ రుణం కాదు, మూడింటినీ ఒకే పట్టికలో కలపకండి.

బ్యాంకు ఇచ్చే తిరస్కరణల జాబితాను నమ్ముకోవద్దు. "వచ్చే వారం రా" అని పంపేసిన మనిషి ఏ రిజిస్టర్‌లోనూ ఉండడు. ఆ మనిషి దొరికేది గేటు బయటే, అదీ జూన్, జూలైలో, పత్తి విత్తే రోజుల్లో. రికవరీని ఫలితంగా తీసుకుంటే 2024 తెలంగాణ రుణమాఫీ (2 లక్షల వరకు) అంకెల్ని తారుమారు చేస్తుంది, 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య రుణాలను వేరుగా ఉంచండి.

అధికారి మనసులో భాష ఏం చేస్తుందో తెలియాలంటే దొంగ దరఖాస్తుదారులను పంపకండి. సిబ్బంది సమయం వృథా, సంతకాలతో చిక్కులు. మనస్తత్వవేత్త లాంబర్ట్ 1960లో మాంట్రియల్‌లో వాడిన పద్ధతి నయం: ఒకే మనిషి రెండు భాషల్లో మాట్లాడి రికార్డు చేస్తాడు, వినేవాళ్లకు ఒకరేనని తెలియదు. మీరు అదే రుణ వివరాలను ధారాళమైన తెలుగులో, గోండి యాసతో తెలుగులో చెప్పించి, కూర్చున్న వీడియో, నిలబడి చేతులు కట్టుకున్న వీడియో జతచేస్తే నాలుగు రకాలు అవుతాయి. పెదాలు కనపడకుండా కొంచెం దూరం నుంచి తీయండి. ఒక్కో అధికారికి ఒక్కటే చూపించి, ఎంత మంజూరు చేస్తారో అడగండి.

అనుమతులకు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), బ్యాంకు రీజినల్ ఆఫీసు, ఊరి పెద్దలు, ఈ నాలుగూ కావాలి, సమయం ఉంచుకోండి. ఆధార్, ఖాతా నంబర్లు రాసుకోవద్దు. దుబాసీలుగా పొదుపు సంఘం లీడర్లనో బ్యాంక్ మిత్రనో (ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే మనిషినో) పెట్టుకోవద్దు, వాళ్ల ముందు అప్పు గురించి ఎవరూ నిజం చెప్పరు. మహిళలతో మాట్లాడటానికి మహిళే ఉండాలి.

చేతిలో ఒక్క ఏడాదే ఉంటే వీడియో ప్రయోగం వదిలేయండి, గేటు బయట అడిగే ఆ మూడు ప్రశ్నలు మాత్రం వదలకండి.