స్టూడియో పీసీ కోసం అమ్మ బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది కడప. వయసు 27. ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచర్‌ని, జీతం 22 వేలు. ఇంట్లో అమ్మా నేనే, ఖర్చు 15 వేలు. సాయంత్రాలు ఇంట్లోనే భక్తి పాటలు, జానపదాలు రికార్డు చేసి ఇస్తాను. నెలకు సగటున 6 వేలు వస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ 20 ట్రాకులు దాటితే మొరాయిస్తోంది. కొత్త పీసీకి షాపువాళ్లు 1,65,000 కొటేషన్ ఇచ్చారు. నా దగ్గర 70 వేలు ఉన్నాయి. మిగతాదానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా, అమ్మ బంగారం పెట్టాలా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. మీ కష్టం మీద నమ్మకం లేక ఈ మాట అనడం లేదు. జీతం వచ్చే ఉద్యోగం చేస్తూనే పాట మీద నెలకు 6 వేలు సంపాదిస్తున్నారంటే ఆ పని నిలబడుతుంది. అందుకే దాన్ని అప్పుతో మొదలుపెట్టొద్దంటున్నాను.

95 వేలు 16 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 4,650 కట్టాలి. వడ్డీయే 16,600 దాకా అవుతుంది. శివరాత్రి, ఒంటిమిట్ట కల్యాణం, వినాయక చవితి ముందు మీకు చేతినిండా పని ఉంటుంది. మధ్యలో వచ్చే ఖాళీ నెలల్లో ఈఎంఐ జీతంలోంచే పోవాలి. బంగారం మీద వడ్డీ తక్కువే, కాదనను. కానీ ఏడాది తిరిగేసరికి అసలు, వడ్డీ ఒకేసారి కట్టలేక వడ్డీ మాత్రం కట్టి లోన్ తిరగరాయించుకునేవాళ్లు చాలామంది ఉంటారు. పైగా అమ్మకు ఆసుపత్రి ఖర్చు వస్తే చేతికి అందేది ఆ బంగారమే.

70 వేలలో మూడు నెలల ఇంటి ఖర్చు 45 వేలు కదపకండి. మిగిలిన 25 వేలతోనే మొదలుపెట్టండి.

ముందు ల్యాప్‌టాప్ ఎక్కడ ఆగుతోందో చూడండి. పాట మొరాయిస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరవండి. మెమరీ 90 శాతం దాటితే ర్యామ్ చాలడం లేదు. డిస్క్ 100 దగ్గర నిలబడితే హార్డ్ డిస్క్ తీసి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయిస్తే చాలావరకు తేరుకుంటుంది. రెండూ బాగానే ఉండి శబ్దం టప్ టప్‌మంటుంటే బహుశా ప్రాసెసర్ అందుకోలేకపోతోందన్నమాట. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న ముక్కలుగా చేసి లెక్కకడుతుంది, ఆ ముక్క సైజే బఫర్. బఫర్ 256 శాంపిళ్లు, రేటు 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల శాంపిళ్లు) అయితే ప్రతి ముక్కనూ 5.3 మిల్లీసెకన్లలో లెక్కకట్టి పంపాలి. ఆలస్యమైతే పాట తెగుతుంది. పాడేటప్పుడు గొంతు ఆలస్యంగా వినపడకుండా బఫర్ తక్కువ పెట్టండి, మిక్సింగ్‌లో ప్రాసెసర్‌కు వ్యవధి దొరికేలా 1024కు పెంచండి. పూర్తయిన ట్రాకులను ఫ్రీజ్ చేయండి, అంటే ఎఫెక్టులతో సహా ఆడియోగా మార్చి పెట్టండి, ప్రాసెసర్ మీద భారం తగ్గుతుంది. పైసా ఖర్చు లేకుండా పాత మెషీన్ ఇంకొన్నాళ్లు నడుస్తుంది.

ఎస్ఎస్‌డీకి పోను మిగిలిన డబ్బుతో మైకును కంప్యూటర్‌కు కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మంచిదై ఉండాలి), శబ్దం బయటికి పోయి మైకులో పడకుండా ఆపే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ కొనండి. రేపు కొత్త పీసీ వచ్చినా ఇవి దానికి పనికొస్తాయి. గదికి ఇంట్లో ఉన్న దూది పరుపులు, మందపాటి దుప్పట్లు కట్టండి. వినేవాడికి ముందు తెలిసే తేడా గది ప్రతిధ్వనిదే.

ఇక షాపువాళ్ల కొటేషన్. అందులో గ్రాఫిక్స్ కార్డుకే 36 వేలు ఎందుకు? అది గేమ్‌లు ఆడేవాళ్లకి, వీడియో ఎడిటర్లకి. మీకు ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే సరిపోతుంది. ఇంటెల్ అయితే నంబరు చివర ఎఫ్ అక్షరం ఉన్నది తీసుకోవద్దు, దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. 11 వేల వాటర్ కూలర్, 9 వేల గాజు క్యాబినెట్ కూడా వద్దు. మే నెల కడప ఎండలో పాట పాడేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ కట్టేస్తాం కదా, సరిగ్గా అప్పుడే పీసీ ఫ్యాన్ గట్టిగా తిరిగి మైకులో పడుతుంది. నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యానున్న మామూలు ఎయిర్ కూలర్, గాలి ఆడే క్యాబినెట్ నయం. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే ఇప్పుడు 16 జీబీ ఒక్క స్టిక్ వేసి, తర్వాత పెంచుకునేందుకు రెండో స్లాటు ఖాళీగా ఉంచండి. కొటేషన్‌లో యూపీఎస్ లేదు, అది మాత్రం తప్పక చేర్చండి. ల్యాప్‌టాప్‌లా డెస్క్‌టాప్‌కు బ్యాటరీ ఉండదు, కరెంటు పోతే సేవ్ చేయని పనంతా పోతుంది.

ఇవన్నీ సరిచూస్తే ఖర్చు లక్షకు అటూ ఇటూ తేలుతుంది. పాటల డబ్బు 6 వేలు, జీతంలోంచి 3 వేలు విడిగా ఒక ఖాతాలో వేస్తే 11 నెలల్లో 99 వేలు చేరతాయి. ఆర్డరు ఇచ్చినప్పుడే సగం అడ్వాన్సు తీసుకోండి. ఎవరో ఏమనుకుంటారని మొహమాటపడితే మీ డబ్బే ఆగిపోతుంది. మెషీన్ వల్ల ఆర్డర్లు వరుసగా వదులుకోవాల్సి వస్తుంటే, అప్పుడు మాత్రం బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర శిశు లోన్ అడగండి. 50 వేల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు.

షాపువాళ్లు సాఫ్ట్‌వేర్లన్నీ ఫ్రీగా ఎక్కించి ఇస్తామన్నారా? వద్దనండి. క్రాక్ కాపీతో పాటు వైరస్ వస్తే నెలల తరబడి చేసిన పాటలు పోతాయి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, మీ స్థాయి ఆదాయానికి లైసెన్సు 60 డాలర్లే.

కొనే రోజున సీల్ ఉన్న బాక్స్ ప్రాసెసరే అడగండి, పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే పీస్‌కు కంపెనీ వారంటీ రాకపోవచ్చు. అసెంబుల్డ్ పీసీలో ఏ భాగం వారంటీ దానిదే. కాబట్టి జీఎస్టీ బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి, ఖాళీ పెట్టెలు కూడా ఇంటికి తెచ్చుకోండి.