టీకింటర్ అప్లికేషన్‌కి టైటిల్ పెట్టినా డాక్‌లో "టీకే" అనే వస్తాంటే

పైథాన్‌లో టీకింటర్‌తో (విండోలు తయారుచేసే లైబ్రరీ, దాని కింద పనిచేసేది టీకే) రాసిన ప్రోగ్రాంకి టైటిల్ ఇచ్చినా ఉబుంటు డాక్‌లో, అంటే ప్రోగ్రాముల గుర్తులుండే పట్టీలో, "టీకే" అనే చూపిస్తాంది అన్నావు కదా తమ్ముడూ, నీ టైటిల్ లైన్ కరెక్టే, దాన్ని కదిలించొద్దు. అది విండో పైన పట్టీలో మనం చదువుకునే పేరు, అంతే. డాక్ చూసేది డబ్ల్యూఎం క్లాస్ అని వేరే పేరు, నువ్వు ఇవ్వకపోతే టీకింటర్ దానికి "టీకే" అని పెట్టేస్తాది.

చిత్తూరులో మా మామ మామిడి మండీకి రెండు ప్రోగ్రాములు రాసిచ్చినా, ఒకటి కాటా చీటీలకి, ఇంకోటి రైతుల పేమెంట్లకి. తోతాపురి సీజన్‌లో ట్రాక్టర్లు వరసగా వచ్చి నిలబడతాయి, గుమస్తా డాక్‌లో చూస్తే రెండిటికీ ఒకటే గుర్తు, మౌస్ పెడితే రెండూ టీకేనే, చీటీ కొట్టాలని నొక్కితే పేమెంట్ విండో వచ్చేది, బయట రైతు ఎండలో నిలబడుకోనుంటాడు. అందుకే పేరే కదా అని దీన్ని వదిలేయొద్దంటా.

ముందు టెర్మినల్‌లో ఎక్స్‌ప్రాప్ (విండో వివరాలు చూపించే కమాండ్) అని కొట్టి నీ విండో మీద క్లిక్ చెయ్. డబ్ల్యూఎం క్లాస్ అనే లైన్‌లో రెండు పేర్లుంటాయి, మొదటిది చిన్నక్షరంతో, రెండోది పెద్దక్షరంతో మొదలైతాది, మనకి కావాల్సింది రెండోది. అదే ప్రోగ్రాం ఇంకోసారి తెరిస్తే మొదటి పేరు పక్కన హ్యాష్ 2 అని చేరతాది, రెండోది మాత్రం మారదు.

దీన్ని మార్చేది రూట్ విండో, అంటే ప్రోగ్రాం మొదటి విండో, పుట్టేటప్పుడే. టీకే అని రాసి బ్రాకెట్ ఖాళీగా వదిలేస్తాం చూడు, అందులో క్లాస్‌నేమ్ ఈక్వల్ టు అని నీ పేరు కోట్స్‌లో ఇయ్యి, నేమ్‌లో ఎన్ పెద్దక్షరం. టీకే నుంచి సొంత క్లాస్ రాసుకోనుంటే సూపర్ ఇనిట్ బ్రాకెట్‌లో ఇదే ఇయ్యాల. విండో వచ్చేసినాక కాన్ఫిగర్‌లో ఇస్తే పనికిరాదు, రూట్ క్లాస్ అప్పటికే ఖరారైపోయుంటాది. టీకే యాప్‌నేమ్ అనే కమాండ్ వాడమని కొందరు చెప్తారు, అది సెండ్ కోసం, అంటే ఒక టీకే ప్రోగ్రాం ఇంకోదానికి కమాండ్ పంపేదానికి, పెట్టే పేరు, క్లాస్‌ని అది ముట్టుకోదు. పేరు ఖాళీల్లేకుండా ఇంగ్లీష్ అక్షరాల్లోనే పెట్టు, తెలుగు పేరు కావాలంటే టైటిల్‌లో పెట్టుకో, నేను "కాటా చీటీ" అని అట్లనే పెట్టినా.

టాప్‌లెవల్‌తో ఇంకో విండో తెరుస్తాంటే దాని క్లాస్ మామూలుగా "టాప్‌లెవల్" అని ఉంటాది, దానికీ అదే పేరు ఇయ్యి, కాకపోతే అక్కడ ఆప్షన్ పేరు క్లాస్ పక్కన అండర్‌స్కోర్, ఎందుకంటే క్లాస్ అనేది పైథాన్ సొంత పదం.

ఇంతవరకు చేస్తే టీకే పోయి నీ పేరు వస్తాది, గుర్తు మాత్రం మామూలుదే. సొంత గుర్తు రావాలన్నా, డాక్‌లో పిన్ కావాలన్నా డెస్క్‌టాప్ ఫైల్ (ప్రోగ్రాం పేరు, గుర్తు, నడిపే కమాండ్ రాసుండే చిన్న ఫైల్) ఉండాల. హోమ్‌లో డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్ ఫోల్డర్‌లో పెట్టు, నేమ్, ఎగ్జెక్, ఐకాన్ లైన్లతో పాటు స్టార్టప్‌డబ్ల్యూఎంక్లాస్ అనే లైన్‌లో ఎక్స్‌ప్రాప్ చూపించిన రెండో పేరు అక్షరం పొల్లుపోకుండా రాయి. నువ్వు చిన్నక్షరంతో ఇచ్చినా టీకే మొదటి అక్షరం పెద్దది చేసేస్తాది, కోడ్‌లో నుంచి కాపీ కొట్టకుండా ఎక్స్‌ప్రాప్‌లోదే రాయమనేది అందుకే. నేమ్ లైన్‌లో తెలుగు బ్రహ్మాండంగా వస్తాది. వేలాండ్ (ఉబుంటులో విండోలు చూపించే కొత్త పద్ధతి) సెషన్‌లో కూడా టీకింటర్ ఎక్స్‌వేలాండ్ మీదే, అంటే పాత ఎక్స్ ప్రోగ్రాముల్ని అందులో నడిపే పొర మీదే, నడుస్తాది కాబట్టి ఇదే పద్ధతి.

విండోస్‌లో అయితే సీటైప్స్ అనే పైథాన్ మాడ్యూల్‌తో యాప్ యూజర్ మోడల్ ఐడీ (టాస్క్‌బార్ ప్రోగ్రాంని గుర్తుపట్టే పేరు) సెట్ చెయ్యాల, అదీ విండో తెరవకముందే. మ్యాక్‌లో పైన మెనూలో "పైథాన్" అని వచ్చేది పోవాలంటే ప్రోగ్రాంని యాప్ బండిల్‌గా (మ్యాక్ యాప్ ప్యాకేజీగా) కట్టి అందులో ఇన్ఫో పీలిస్ట్ అనే వివరాల ఫైల్‌లో పేరు పెట్టుకోవాల.

మార్చినాక ఎక్స్‌ప్రాప్ లైనూ, డెస్క్‌టాప్ ఫైలూ రెండూ ఇక్కడ పెట్టు, అప్పటికీ టీకే అనే వస్తాంటే చూసి చెప్తా.