మాట్లాడని టీనేజీ అబ్బాయిని వంటింట్లోకి పిలిస్తే ప్రయోజనం ఉంటుందా?

14 ఏళ్ల మీ అబ్బాయి బడి నుంచి రాగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నాడనీ, ఏది అడిగినా ‘ఏమీ లేదు’ అంటున్నాడనీ రాశారు. వంటింట్లో మీతో పాటు పనిలో పెడితే కాస్త దగ్గరవుతాడా అని అడిగారు. అవుతాడనే నా అనుభవం. ఇప్పుడు 17 ఏళ్లున్న మా అమ్మాయి ఆ వయసులో సరిగ్గా అదే జవాబు చెప్పేది. అయితే ఇందులో ఒక షరతు ఉంది. వంట అనేది మాట రాబట్టడానికి పన్నిన ఉపాయంగా ఉండకూడదు. అది ఇంటికి నిజంగా కావలసిన పని అయి ఉండాలి, అందులో కొంత భాగం పూర్తిగా పిల్లల చేతిలో ఉండాలి. ఉపాయమైతే ఈ వయసు పిల్లలు గడప దాటకముందే పసిగడతారు.

ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘ఈ రోజు ఎలా గడిచింది’ అని అడిగితే, మన ఉద్దేశం ఎంత మంచిదైనా పిల్లలకు అది విచారణలాగే అనిపిస్తుంది. వంటింట్లో ఇద్దరూ పక్కపక్కన నిలబడతారు, చూపులు చాకు మీదో పొయ్యి మీదో ఉంటాయి, చేతులకు పని ఉంటుంది కనుక ఎంతసేపు మాట్లాడకపోయినా ఎవరికీ ఇబ్బందిగా ఉండదు. మా అమ్మాయి తన ప్రాణస్నేహితురాలు మాట్లాడడం మానేసిన సంగతి బంగాళదుంపల తొక్క తీస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది. నేను ‘ఊఁ’ అన్నాను, ఇంకో దుంప అందించాను. ఆ క్షణంలో సలహా ఇచ్చి ఉంటే తక్కిన సగం కథ నాకు తెలిసేది కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

అందుకే ఏ పని ఎంచుకుంటామన్నది ముఖ్యం. చేతులు కదలాలి, మనసుకు కొంత ఖాళీ ఉండాలి, వదిలిపెట్టి వెళ్లడానికి వీలు ఉండకూడదు. ఈ మూడు లక్షణాలూ ఉన్న పనుల్లో ఉల్లిపాయలు ఎర్రగా వేయించడాన్ని మించినది నాకు కనబడలేదు. ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీరే. ఆ నీరు ఆవిరవుతున్నంతసేపూ ముక్కల వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిలిచిపోతుంది, రంగు తిరగాలంటే అంతకన్నా బాగా ఎక్కువ వేడి కావాలి. కనుక మంట పెంచి తొందరపడితే అంచులు మాడతాయి, లోపల పచ్చిగానే ఉంటుంది. మొదట్లో మా అమ్మాయి మంట పెద్దది చేసినప్పుడల్లా గరిట లాక్కోవాలని నా చేయి దురద పెట్టేది. చేతులు కట్టుకుని నిలబడ్డాను. అడుగంటడం చూసి తనే మంట తగ్గించి, చెంచాడు నీళ్లు చల్లి, బాణలి అడుగున పట్టిన గోధుమరంగు పొరను గరిటతో గీకి ముక్కల్లో కలిపింది. ఆ రాత్రే ఫోనులో ఎక్కడో చదివి, ఈ రంగు మార్పులో ఒక భాగాన్ని 1912లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మయ్యార్ వివరించాడని నాకు పాఠం చెప్పింది. ఇంట్లో తాము చెప్పేది పెద్దవాళ్లు శ్రద్ధగా వినే చోటు ఒకటి ఉందని పిల్లలకు తెలియడం ఎంత పని చేస్తుందో ఆ తర్వాతి రోజుల్లో చూశాను.

మరో మాట. ఎప్పుడూ వెల్లుల్లి ఒలవడం, గిన్నెలు అందించడం, పొయ్యి కట్టేయడం వంటి చిల్లర పనులే అప్పగిస్తే వాళ్లు సహాయకులుగానే మిగిలిపోతారు. ఒక వంటకం మొదటి నుంచి చివరి దాకా వాళ్లదే కావాలి: ఏం వండాలి, ఉప్పు ఎంత వేయాలి, ఎప్పుడు దించాలి అన్నది వాళ్లే తేల్చుకోవాలి. ఉప్పు ఎక్కువైతే అందరూ కలిసి ఆ ఉప్పే తినాలి. ముందుచూపుకూ ప్రణాళికకూ ఆధారమైన మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్లు పడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టి రెండింటినీ ఒకేసారి వడ్డించేలా చూసుకోవడం ఆ సామర్థ్యానికి మంచి సాధన.

వేళ విషయంలో పిల్లల శరీరాన్ని గౌరవించండి. యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలన్నది నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. సెలవు రోజు పొద్దున్నే లేపి వంటింట్లో నిలబెడితే మీకు దక్కేది చిరాకే. సాయంత్రం ఆకలి మీద ఉన్నప్పుడు పిలవడం మేలు. పాటలు వాళ్లకు నచ్చినవే పెట్టుకోనివ్వండి. మార్కుల ప్రస్తావన మాత్రం ఆ గదిలోకి రానివ్వకండి.

చాకు, నిప్పు అంటే భయపడి దూరం పెట్టడం కన్నా కారణంతో సహా నేర్పడం మంచిది. ఈ వయసు పిల్లలు ‘వద్దు’ అన్న మాటను లెక్కచేయరు, ‘ఎందుకంటే’ అన్న మాటను చాలావరకు వింటారు. మొండి చాకుకు ఎక్కువ బలం పెట్టాలి, అందుకే అది జారి వేలు కోస్తుంది. పదునైన చాకు, లోపలికి ముడిచిన వేళ్లు క్షేమం. నూనె అంటుకుంటే పొయ్యి కట్టేసి మూత పెట్టాలి, నీళ్లు అసలు పోయకూడదు. నీరు నూనెకన్నా బరువు కనుక అడుగుకు దిగి, ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను పైకి చిమ్ముతుంది. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన కూడా చెప్పండి. మిగిలినది సర్దే బాధ్యత వాళ్లదే అవుతుంది.

వంటింటికి పరిమితులు ఉన్నాయి. మీ అబ్బాయి ఒకప్పుడు ఇష్టపడిన ఆటలూ స్నేహాలూ అన్నీ మానేసి, నిద్రా తిండీ బాగా మారిపోయి, అది రెండు వారాలు దాటి సాగుతుంటే, లేదా బతుకు మీద విరక్తిగా ఎప్పుడు ఒక్క మాట అన్నా, ఆలస్యం చేయకుండా వైద్యులను కలవండి. బరువు గురించి భయపడి తిండి తగ్గించుకునే పిల్లల విషయంలోనూ అంతే. వాళ్లకు వంట అప్పగించడం అప్పుడప్పుడు ఒత్తిడిని పెంచుతుంది కూడా.

అమ్మాయి కాబట్టి మీకు వీలైంది, అబ్బాయి వస్తాడా అన్న సందేహం మీ ప్రశ్నలో ధ్వనించింది. ఆకలికి ఆడా మగా లేదు, గరిటకు అంతకన్నా లేదు. మా అక్క కొడుకు సెలవుల్లో వచ్చినప్పుడు అందరికీ ఆమ్లెట్లు వేసే బాధ్యత వాడే తీసుకున్నాడు, తిరగేయడంలో నా పద్ధతి తప్పని కూడా తేల్చాడు. అయితే ‘రా, కలిసి వంట చేస్తూ కబుర్లు చెప్పుకుందాం’ అని మాత్రం పిలవకండి. ‘నాకు ఇంకో పొయ్యి మీద పని ఉంది, ఈ ఉల్లిపాయలు నువ్వు చూసుకోగలవా’ అని అడగండి. మొదటి రోజు రాకపోతే రెండు రోజులు ఆగి ఇంకో పనికి పిలవండి. వచ్చిన రోజున అతను తలుపు దగ్గరే నిలబడి ఫోను చూస్తూ గరిట తిప్పినా ఏమీ అనకండి, ముక్కలు మాడుతున్నప్పుడు తనే ఫోను పక్కన పెడతాడు.